తుపాన్ల సంఖ్య పెరుగుతోందా, బలమేనా?

మాది కావలి దగ్గర సముద్రపు ఒడ్డు ఊరు. అక్టోబరు వచ్చిందంటే కృష్ణపట్నం రేవులో ఎన్నో నంబరు హెచ్చరిక ఎగరేశారన్నదే మాట. భూమి వేడెక్కబట్టే ఇన్ని తుపాన్లని కుర్రకారు వాదన. 1989 నవంబరులో కావలి దగ్గరే తీరం దాటిన తుపానును కళ్లారా చూసిన పెద్దలు ఆ మాట కొట్టిపారేస్తారు. దివిసీమ ఉప్పెన 1977లోనే వచ్చింది కదా అంటారు.

వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం (ఐపీసీసీ) 2021 నివేదిక ప్రకారం ప్రపంచం మొత్తంమీద తుపాన్ల సంఖ్య పెరగకపోవచ్చు, తగ్గనూవచ్చు. వాటిలో అతి తీవ్రమైన వాటి వాటా మాత్రం పెరుగుతుంది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకుంటుంది కాబట్టి కుండపోత సంగతి అర్థమైంది. (మా రొయ్యల గుంటల గట్లు తెగడానికి గాలి దాకా ఎందుకు, ఆ వాన చాలు.)

నాకు తేలనిది బంగాళాఖాతం లెక్క. ఉపగ్రహాలు లేని రోజుల్లో నడిసముద్రంలోనే బలహీనపడిన తుపాన్లు రికార్డుకెక్కాయా? ఎక్కకపోతే పాత, కొత్త అంకెలను పక్కపక్కన పెట్టడం న్యాయమేనా? 2004 నుంచి ఒక్కోదానికి పేరు పెడుతున్నందువల్ల ఎక్కువ అనిపిస్తోందా? వాతావరణ శాఖ వారి పాత తుపాన్ల దారుల పటాలు చదవడం తెలిసినవారు ఎవరైనా, ఏ సంవత్సరం నుంచి అంకెలను నమ్మవచ్చో చెప్పండి.