పొదుపు గ్రూపు స్నేహితురాలిని వ్యాపారంలో కలుపుకోవచ్చా?

కావలి_పచ్చళ్ళు:
నాలుగేళ్ళుగా ఇంట్లోనే పచ్చళ్ళు, పొడులు, అప్పడాలు చేసి అమ్ముతున్నా. కావలిలో పది కొట్లకు వేస్తా, హైదరాబాదుకు పార్సిళ్ళు పంపుతా. నా డబ్బు, గ్రూపు లోను కలిపి 9 లక్షల దాకా పెట్టా. ఇప్పుడు షెడ్డు అద్దెకు తీసుకుని పెద్ద గ్రైండరు, ప్యాకింగ్ మిషను వేయాలి. మా పొదుపు గ్రూపులో స్నేహితురాలు 3 లక్షలిస్తా, నన్నూ కలుపుకో అంటోంది. పదకొండేళ్ళుగా ఒకే గ్రూపు. ఒకసారి నేను రెండు కిస్తీలు కట్టలేకపోతే నా బదులు తనే కట్టింది. మా ఇంట్లో మాత్రం వద్దంటున్నారు. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

ట్రంకురోడ్డు:
వద్దమ్మా. ఒంగోలులో పదిహేనేళ్ళుగా బట్టల కొట్టు నడుపుతున్నా. ఇద్దరాడవాళ్ళు కలిసి పెట్టిన కొట్టు రెండో సంక్రాంతి చూడటం నేనెరగను. డబ్బు తక్కువైతే బ్యాంకుకు పోండి, స్నేహాన్ని దాని మానాన ఉండనివ్వండి.

స్టోన్‌హౌస్‌పేట:
కలుపుకుంటే పత్రం రిజిస్టరు చేయించండి. చేయించకపోతే చెల్లదు.

కలిగిరి_కోడలు:
ట్రంకురోడ్డు గారూ, మా కలిగిరి మండలంలోనే ఉండాది దూబగుంట. 1992లో రోశమ్మ గారూ, ఆ ఊరి ఆడవాళ్ళూ సారా కొట్టు మూయించింది ఒక్కొక్కరుగా పోయి కాదు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా ఆగిపోయింది. ఆ ఊపులోనే మన నెల్లూరు జిల్లాలో రోజుకు రూపాయి పొదుపు మొదలైంది. సారాకు పోయే రూపాయి డబ్బాలో పడింది. అట్టా ముప్పై ఏళ్ళుగా ఒకరి అప్పుకు ఇంకొకరు నిలబడి కడుతున్నవాళ్ళను పట్టుకుని రెండో సంక్రాంతి చూడరంటారా?

కావలి అక్కా, మీ కిస్తీ కట్టినామెను కాదంటే రేపు గ్రూపు మీటింగులో ఆమె పక్కన ఎట్టా కూర్చుంటారు?

ట్రంకురోడ్డు:
ఉద్యమం వేరు, వ్యాపారం వేరు. ఉద్యమంలో లాభం పంచుకునే పని లేదు. ఆ తల్లుల మీద నాకూ గౌరవముంది.

ఒంగోలు_లెక్కలు:
పన్ను లెక్కలు రాసేది నా పని కాబట్టి ఆ మాటే చెబుతా. పొదుపు గ్రూపు ఒకటి, భాగస్వామ్యం ఇంకొకటి. గ్రూపులో మీ భారం గ్రూపు అప్పు దాకానే. భాగస్వామ్యంలో సంస్థ అప్పు మొత్తానికీ ఇద్దరూ బాధ్యులే. ఆమె సంస్థ పేరుమీద బెల్లం, నూనె అరువు తెచ్చి కట్టకపోతే కొట్టువాడు మీ ఇంటికి రావచ్చు.

ఇంకో సంగతి. 1932 భాగస్వామ్య చట్టం ప్రకారం, వాటాలు మీరు విడిగా ఒప్పుకోకపోతే లాభమైనా నష్టమైనా సమానం. మీవి 9 లక్షలు, ఆమెవి 3 లక్షలు, అయినా చెరిసగం. పొద్దుటి నుంచి పొయ్యి దగ్గర నిలబడేది మీరొక్కరే అయినా ఒప్పుకోని జీతం రాదు. ఈ రెండూ కాగితం మీద ఉండి తీరాలి.

స్టోన్‌హౌస్‌పేట:
రిజిస్టరు చేయకపోతే ఎంత రాసుకున్నా వృథా అంటున్నా కదా.

ఒంగోలు_లెక్కలు:
వృథా కాదండీ. రిజిస్టరు కాని సంస్థ కూడా సంస్థే. చిక్కేమిటంటే, బకాయి పెట్టినవాడి మీద దావా వేయలేదు, ఒప్పందం అమలు చేయమని ఒక భాగస్వామి రెండో భాగస్వామి మీదా వేయలేరు. సంస్థ మూసేసి లెక్కలు తేల్చమని మాత్రం అడగొచ్చు.

స్టోన్‌హౌస్‌పేట:
అదే నేనన్నది. దావాకు పనికిరానిది చెల్లనట్టే.

పెద్దబజారు:
ఇది తేలేటప్పటికి ఆవకాయ సీజనే అయిపోయేట్టుంది.

కలిగిరి_కోడలు:
కాగితం కాగితం అంటున్నారు. కాగితం లేక పోయింది నాకు, కానీ పరాయి ఆడదాని వల్ల కాదు. మా తోడికోడలూ నేనూ బడి యూనిఫాంలు కుట్టే సెంటరు పెట్టాం. ఇంటివాళ్ళమే కదా అని మా బావగారి ఖాతాలో డబ్బు వేశాం. మూడేళ్ళు. వేరుపడ్డ రోజున నాకు దక్కింది రెండు కుట్టు మిషన్లు. ఖాతాలో ఎంతుందని అడిగితే, మగవాళ్ళ ఖాతా లెక్క నీకెందుకన్నారు. ఇంట్లో వద్దంటున్నారన్నారే అక్కా, ఆ ఇంట్లోవాళ్ళ మాట ముందు తేల్చుకోండి.

ట్రంకురోడ్డు:
ఊరుకుంటుంటే మగవాళ్ళ మీదికి తెస్తున్నారు. మా ఆవిడ స్నేహితురాలితో కలిసి మగ్గం వర్కు షాపు పెట్టింది. 4 లక్షలు నావి. ఎనిమిది నెలలకు ఆమె పనివాళ్ళనూ గిరాకీనీ తీసుకుని పక్క వీధిలో సొంతంగా పెట్టుకుంది. నేను చెప్పేది అనుభవం.

కలిగిరి_కోడలు:
మీ కొట్టులో భాగస్వామి ఎవరు? పోయినేడు ఇక్కడే రాశారు, బావమరిదితో గొడవపడి విడిపోయానని. అప్పుడు మగవాళ్ళు కలిసి వ్యాపారం చేయలేరని రాయలేదే!

ట్రంకురోడ్డు:
అది నా ఇంటి విషయం.

(కాసేపటికి మళ్ళీ)

సరే, చెబుతా. 4 లక్షలు పోయినందుకు కాదు నా బాధ. ఆ స్నేహితురాలు వెళ్ళిపోతుందని మా ఆవిడకు రెండు నెలల ముందే తెలుసు. నాకు చెప్పలేదు. చెబితే మూసేయమంటానని భయపడిందట. ఆ మాటే ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

కలిగిరి_కోడలు:
అన్నా, చెబితే మూసేయమనేవారా, కాదా?

ట్రంకురోడ్డు:
అనేవాణ్ణే.

కావలి_పచ్చళ్ళు:
మీరందరూ ఇంత చెప్పాక నేను దాచడం బాగుండదు. ఇంట్లో వద్దంటున్నది భాగస్వామ్యాన్ని కాదు. ఆ 3 లక్షలు మా మరిది ఇస్తాడంట, అతన్నే చేర్చుకోమంటున్నారు. షెడ్డు అద్దె కాగితం, కరెంటు మీటరు అతని పేరున పెడతామంటున్నారు. పచ్చడి కలపడం అతనికి రాదు. బ్యాంకు పనులు చూస్తాడంట.

కలిగిరి_కోడలు:
నేను తోడికోడలి దగ్గర మొదలుపెట్టింది ఇట్టానే అక్కా.

ఒంగోలు_లెక్కలు:
ఇది ముందే చెప్పుంటే ఇంత చర్చ ఉండేది కాదు. మరిదికి సగం వాటా పోతే కాగితం మీద కూడా అది ఆడవాళ్ళ సంస్థ కాదు. కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్ళలో ఆడవాళ్ళ చిన్న సంస్థలకు 3 శాతం పక్కన పెడతారు. భాగస్వామ్యమైతే ఆడవాళ్ళ వాటా 51 శాతానికి తగ్గకూడదు. అసలు మీకు భాగస్వామే కావాలా, 3 లక్షలే కావాలా? డబ్బే అయితే స్నేహితురాలి దగ్గర నోటు రాసి అప్పుగా తీసుకోండి. వడ్డీకి బదులు లాభంలో ఇంత అని రాసుకున్నా, అంతమాత్రాన ఆమె భాగస్వామి అయిపోదు. సంస్థ మీ ఒక్కరి పేరునే ఉంటుంది.

కలిగిరి_కోడలు:
అది మీ లెక్కల మాట. ఆమె అడిగింది నన్నూ కలుపుకోమని. వడ్డీ ఇవ్వమని అడగలా. రెండు కిస్తీలు కట్టినప్పుడు ఆమె నోటు రాయించుకుందా?

కావలి_పచ్చళ్ళు:
రాయించుకోలేదు. అదే నన్ను రాత్రుళ్ళు నిద్రపోనీయడం లేదు. శనివారం గ్రూపు మీటింగు. అది అయ్యాక ఆమెను మా ఇంటికి పిలిచి, తనకు కావలసింది పనా, వాటానా, వడ్డీనా అని నేనే అడుగుతా. ఇన్నాళ్ళూ అందరినీ అడిగా గానీ ఆమెను అడగలేదు. షెడ్డు అద్దె కాగితం మాత్రం ఎవరేమన్నా నా పేరునే రాయిస్తా. ఓనరుకు ఇప్పుడే ఫోను చేసి చెప్పా.

స్టోన్‌హౌస్‌పేట:
అద్దె కాగితం కూడా రిజిస్టరు చేయించండి.

ట్రంకురోడ్డు:
అమ్మా, మీ మరిదికి మీవారు చెప్పేకన్నా ముందు మీవారికి మీరు చెప్పండి. ఈ ఒక్కటీ నా మాట వినండి.