అప్‌డేట్: గిగిల్, చకిల్, స్మర్క్ తేడా తేలింది, ఎక్కువ దిద్దుళ్లు మాత్రం 'లాఫ్ ఎట్' దగ్గర

కథను ఇంగ్లీషులోకి మారుస్తుంటే ప్రతి నవ్వూ 'లాఫ్' అయిపోతోంది, ఏం చేయాలని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. ఎడిటర్ ప్రతిని చూసి ఇచ్చేశారు.

నవ్వు ఎంత గట్టిగా ఉందని కాక, నవ్వేవాళ్ల మనసులో ఏముందో చూసి మాట ఎంచుకోమన్న సలహా పనిచేసింది. చకిల్ తనలో తాను మెల్లగా, సరదాగా నవ్వుకోవడం. గిగిల్ కిలకిలా, ఆపుకోలేకో బెరుకుతోనో వచ్చేది. స్నిగర్‌లో వెటకారం ఉంది, అమెరికాలో దాన్ని స్నికర్ అంటారు. స్మర్క్‌కి చప్పుడే ఉండదు, 'చూశావా నా తెలివి' అన్నట్టుండే ముసినవ్వు అది. మంచి పాత్రకు అది తగిలిస్తే చదివేవాళ్లకు చిరాకే.

ఎడిటర్ పెన్ను ఎక్కువగా ఆగింది ప్రిపోజిషన్ల దగ్గర. 'లాఫ్ ఎట్ ద జోక్' సరైనదే. అదే 'ఎట్' తర్వాత మనిషి వస్తే చాలాసార్లు ఎగతాళిగా ధ్వనిస్తుంది. కలిసి నవ్వితే 'విత్'. 'లాఫ్ ఫర్ ద జోక్' అసలు కుదరదు. 'వెరీ హిలేరియస్' కూడా కొట్టేశారు. హిలేరియస్‌లోనే 'చాలా' ఉంది, ఇంకా బలం కావాలంటే 'అబ్సల్యూట్లీ'. సరదాగా గడిచిన సాయంత్రం 'ఫన్', 'ఫన్నీ' కాదు. ఫన్నీ అంటే నవ్వు తెప్పించేది, లేదా ఏదో తేడాగా అనిపించేది.

స్పెల్లింగ్ మీద జరిగిన పెద్ద చర్చ నా సమస్యకు అక్కర్లేకపోయింది. బ్రిటిష్ పద్ధతిలో 'హ్యూమర్'కి ఒక 'యు' అదనం, 'హ్యూమరస్'కి మాత్రం బ్రిటిష్, అమెరికన్ పద్ధతులు రెండింటిలోనూ ఒకటే స్పెల్లింగ్.