పదిహేను అంతస్తుల డాబాకు రేకులా, వాటర్‌ప్రూఫింగా?

ప్రశ్న – అసోసియేషన్ కార్యదర్శి, మియాపూర్
మా అపార్టుమెంటు 15 అంతస్తులది. కట్టి 11 ఏళ్లయింది. రెండు వానాకాలాలుగా పై అంతస్తులోని నాలుగు ఫ్లాట్లలో స్లాబు చెమ్మగిల్లి, రంగు పొక్కులు లేచి రాలుతోంది. డాబా మొత్తానికి ఇనుప స్తంభాలు నిలిపి రేకులు కప్పితే వాన బెడదా, ఎండ బెడదా ఒకేసారి తీరతాయని కమిటీలో ఎక్కువమంది అంటున్నారు. వాటర్‌ప్రూఫింగే మేలని నాకు అనిపిస్తున్నా, సమావేశంలో చెప్పేందుకు గట్టి కారణాలు నా దగ్గర లేవు. తెలిసినవారు వివరించగలరు.

జవాబు – స్ట్రక్చరల్ ఇంజనీరు
ముందు గాలి సంగతి చూడండి. కట్టడాల మీద పడే భారాలకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం హైదరాబాదుకు మూల గాలి వేగం, అంటే డిజైను లెక్కలకు ఆధారంగా తీసుకునే వేగం, సెకనుకు 44 మీటర్లు. ఆ వేగానికే చదరపు మీటరుకు దాదాపు 118 కిలోల బరువుతో సమానమైన ఒత్తిడి వస్తుంది. 15 అంతస్తుల ఎత్తులో అది ఇంకా పెరుగుతుంది. అర మిల్లీమీటరు ఉక్కు రేకు బరువు అదే విస్తీర్ణానికి ఐదు కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. పైగా గాలి రేకును నొక్కడం కన్నా పైకి పీకడమే ఎక్కువ, అంచుల్లో, మూలల్లో మరీ ఎక్కువ. ఆ స్తంభాల బోల్టుల కోసం స్లాబుకు వేసే ప్రతి రంధ్రమూ నీటికి కొత్త దారి అవుతుందన్నది మరో మాట.

జవాబు – విశాఖపట్నం
మాకు ఆ మూల వేగం 50. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఎదురు మేడ మీది షెడ్డు రేకు ఒకటి ఊడివచ్చి మా బాల్కనీ గ్రిల్లుకు గుడ్డలా చుట్టుకుపోయింది. అది వీధిలో పడి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

జవాబు – వాటర్‌ప్రూఫింగ్ కాంట్రాక్టరు
నా అనుభవంలో నీరు డాబా నడుమ దిగడం అరుదు. పిట్టగోడ స్లాబును కలిసే మూలలో, వాన గొట్టాల మూతుల చుట్టూ, ట్యాంకు దిమ్మెల అడుగున దిగుతుంది. గొట్టాల మూతులు బిగించి, డాబాను వరిచేనులా మడులు కట్టించి, ఒక్కో మడిలో రెండంగుళాల నీరు 48 గంటలు నిలపండి. చదరపు మీటరుకు 50 కిలోలే కనుక స్లాబుకు భయం లేదు. ఏ మడి నిండినప్పుడు కింద చెమ్మ పెరిగిందో అక్కడే లోపం.

పాత కోబా (నీరు దిగకుండా డాబా మీద ఇటుక ముక్కలు, సిమెంటు మాలుతో వేసే పొర) మీద ఇంకో కోబా మాత్రం వేయించకండి. నాలుగంగుళాల మందానికే చదరపు మీటరుకు 150 కిలోలకు పైగా అదనపు బరువు పడుతుంది. పాతది తీయించి, నూటికి ఒకటి చొప్పున వాటం సరిచేయించి, నాలుగు మిల్లీమీటర్ల ఏపీపీ మెంబ్రేన్ (ప్లాస్టిక్ కలిపిన తారుతో చేసిన, నీరు దిగనివ్వని చుట్ట పొర) పరిపించండి. దాన్ని పిట్టగోడ మీదికి అడుగు ఎత్తు వరకు తీసుకెళ్లి, పై అంచును గోడలో కోసిన గాడిలోకి దోపి మూయించాలి. చాలామంది ఎగరగొట్టేది ఈ పనినే. దాని మీద ఎండను తిప్పికొట్టే తెల్లపూత వేయిస్తే వేడి కూడా తగ్గుతుంది. తెలంగాణ 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం ఉద్దేశమూ అదే.

కార్యదర్శి
కృతజ్ఞతలు. ఆదివారం మడులు కట్టిస్తున్నాం. ట్యాంకులు కదిలించకుండా దిమ్మెల వద్ద ఏం చేయాలి?

కాంట్రాక్టరు
మెంబ్రేన్‌ను దిమ్మె పక్కల మీదికి కూడా ఎక్కించి, పైఅంచు దగ్గర గాడి కోసి మూయించండి. ట్యాంకు ఓవర్‌ఫ్లో గొట్టం మాత్రం డాబా మీద వదలకుండా నేరుగా వాన గొట్టంలోకి కలపండి.