అప్‌డేట్: ఆవోధ్ డేటాబేస్ చివరికి దారికొచ్చింది

క్లౌడ్ నడిపే సాఫ్ట్‌వేర్ ఓపెన్‌స్టాక్‌లోని అలారం సేవ ఆవోధ్‌కు మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ జత చేస్తుంటే, అందులో పట్టికలు సృష్టించే ‘ఆవోధ్-డీబీసింక్’ కమాండ్ సర్వర్ దొరకలేదంటూ ఆగిపోతోందని మొన్న అడిగాను. కారణం తెలిసింది. చెప్పడానికి కాస్త సిగ్గుగా ఉంది.

నా పాస్‌వర్డ్‌లో ముచ్చటపడి పెట్టుకున్న ‘@’ ఒకటుంది. డేటాబేస్ చిరునామా, లాగిన్ వివరాలు రాసే కనెక్షన్ వరుసలో పాస్‌వర్డ్ ముగిసి సర్వర్ పేరు మొదలయ్యేది ఆ గుర్తు దగ్గరే. దాంతో నా పాస్‌వర్డ్ తోకను కూడా సర్వర్ పేరులో కలుపుకొని పాపం డీబీసింక్ ఊరంతా వెతికింది! ‘@’ బదులు ‘%40’ అని రాయవచ్చు. నేను మాత్రం గొడవెందుకని అక్షరాలు, అంకెలతో కొత్త పాస్‌వర్డ్ పెట్టేశాను. పట్టికలు వెంటనే వచ్చాయి.

తర్వాత ఇంకో చిక్కు. అలారాలను మదింపు చేసే ఎవాల్యుయేటర్ వేరే యంత్రంలో ఉంది. మైఎస్‌క్యూఎల్‌లో నేను అనుమతి ఇచ్చింది ‘లోకల్‌హోస్ట్’కే, అంటే డేటాబేస్ ఉన్న యంత్రానికే. ‘%’కూ, అంటే ఏ యంత్రానికైనా, ఇచ్చాక పని మొదలైంది.

అలారాలు చూసే కొలతలు మాత్రం, నా ఏర్పాటులో, వాటిని దాచే వేరే సేవ న్యోకీ (Gnocchi)లోనే ఉంటాయి. ఈ డేటాబేస్‌లో చేరేది అలారాల నిర్వచనాలు, వాటి చరిత్ర. చరిత్ర నిల్వ గడువు డిఫాల్ట్‌గా -1, అంటే ఎప్పటికీ చెరగదు. నేను 30 రోజులకు సరిపడా 2592000 సెకన్లు పెట్టి, గడువు దాటిన చరిత్రను తుడిచే ‘ఆవోధ్-ఎక్స్‌పైరర్’ను రోజూ రాత్రి నడిచేలా, వేళకు పనులు నడిపే క్రాన్‌లో చేర్చాను.

పాస్‌వర్డ్ చూడమన్నవారికి కృతజ్ఞతలు.