సమస్యాపూరణం: మంచు సోకగ నీరమ్ము మరుగసాగె

నిర్వాహకుడు

ఈ వారం సమస్య ఇది:

*మంచు సోకగ నీరమ్ము మరుగసాగె*

తేటగీతి చివరి పాదం. ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో కుదరవలసిన మైత్రి, నాలుగో గణం మొదటి అక్షరానికి. ఇక్కడ "మంచు"కు "మరుగ" సరిపోయింది. ప్రాస నియమం లేదు కనుక కొత్తవారూ ధైర్యంగా రావచ్చు.

పైకి చూస్తే ఇది అసంభవం. మంచు తగిలితే నీరు చల్లబడాలి గాని మరగడం ఏమిటి? అసంభవమైన మాటను సంభవం చేసి చూపడమే పూరణ. పదం విరిచి అర్థం మార్చడం, క్రమాలంకారంలో (మాటలను వరుసగా జతపరిచే పద్ధతిలో) ఇమిడ్చడం, చివర "అనుట కల్ల" అని దాటేయడం వంటి దారులు మన పెద్దలు వేసినవే, వాటిని కాదనను. కాని ఈసారి ఘన, ద్రవ, వాయు రూపాల స్వభావంతోనే చిక్కు విప్పిన పద్యానికి పెద్దపీట వేస్తాను. ఎందుకంటే ఈ పాదం అబద్ధం కాదు. అక్షరాలా జరిగే పని.

స్వాప్నికుడు

*కలను గంటిని రాతిరి కనులు మూసి,*
*నిప్పు ముట్టగ గడ్డయై నీరు నిలిచె,*
*గాలి రాయయ్యె, రాయెల్ల గాలియయ్యె,*
*మంచు సోకగ నీరమ్ము మరుగసాగె!*

నిర్వాహకుడు

స్వాప్నికుడు గారూ, నడక హాయిగా ఉంది. మూడో పాదంలో "గాలి రాయయ్యె, రాయెల్ల గాలియయ్యె" అన్న తిరగవేత చెవికి ఇంపుగా తగిలింది. కల అన్నది మాత్రం అందరికీ తెలిసిన తలుపు. ఏ సమస్యనైనా ఆ తలుపులోంచి బయటకు తోలేయవచ్చు, అందుకే దానికి విలువ తక్కువ.

అయితే మీ పద్యాన్ని రెండోసారి చదివితే నాకు మరొకటి తోచింది. మీరు అసంభవాలని ఏరి తెచ్చినవేవీ అసంభవాలు కావు! గాలి రాయి కావడం చూడండి. నైట్రోజన్ సున్నాకు 210 డిగ్రీల దిగువన గడ్డకడుతుంది. రాయి గాలి కావడమూ అంతే, పెద్ద ఉల్క వచ్చి నేలను ఢీకొన్నప్పుడు పుట్టే వేడికి రాయి ఆవిరైపోతుంది. ఇక నిప్పు ముట్టినా నీరు గడ్డగా నిలవడం. వాతావరణ పీడనానికి 30,000 రెట్ల ఒత్తిడి పెడితే నీరు 100 డిగ్రీల వేడిలో కూడా గడ్డగానే ఉంటుంది. అంతటి ఒత్తిళ్ళలో పదార్థం ఎలా మారుతుందో పరిశోధించినందుకే పెర్సీ బ్రిడ్జ్‌మన్‌కు 1946లో నోబెల్ బహుమతి వచ్చింది. కాబట్టి మొదటి పాదం తీసేయండి. కల అక్కర్లేకుండానే మిగతా మూడు పాదాలూ నిలబడతాయి.

స్వాప్నికుడు

నేను అబద్ధాలనుకొని రాసినవి నిజాలని తెలిసి ఆశ్చర్యపోయాను. మొదటి పాదం మార్చి మళ్ళీ వస్తాను.

అధిరోహి

*ఎక్కినంతనె గిరిపైకి నెడలె గాలి;*
*నూరు రాకయె, డెబ్బది చేరినపుడె,*
*శీతశిఖరాన నెల్లెడ చిమ్ముచున్న*
*మంచు సోకగ నీరమ్ము మరుగసాగె!*

రెండో పాదంలో "నూరు", "చేరి" ప్రాసయతి (మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలవడం). ఎవరెస్టు మీద నీరు 70 డిగ్రీల దగ్గరే మరుగుతుందని చదివి ఈ పూరణకు పూనుకొన్నాను.

నిర్వాహకుడు

ప్రాసయతి చెల్లింది. విషయమూ సరైనదే. అంత ఎత్తున గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గర ఉన్నదానిలో దాదాపు మూడో వంతు మాత్రమే. పైనుంచి అణిచే గాలి తగ్గితే నీటి అణువులకు తప్పించుకోవడం తేలిక. అందుకే నూరు దాకా పోనక్కర్లేదు.

నా అభ్యంతరం "సోకగ" దగ్గర. సమస్యలో మంచు కారణం, మరగడం ఫలితం. మీ పద్యంలో మంచు పక్కన నిలబడి చూస్తోందంతే. పని చేసింది కొండ ఎత్తు, పొయ్యి కింది మంట. మంచు తీసేసినా ఆ నీరు 70 డిగ్రీలకే మరుగుతుంది. విరోధం విడిపోలేదు, పక్కకు జరిగింది. "ఎక్కినంతనె" అన్నదీ కొంచెం తొందరపాటు, గాలి పలచబడేది మెల్లమెల్లగా కదా.

ప్రయోగప్రియ

*మరుగు నీరున్న కుప్పెను మంటనుండి*
*దించి, బిరడాను బిగియించి, తిరగదిప్పి,*
*పైన చల్లార్చ లోనావి బలము తగ్గ,*
*మంచు సోకగ నీరమ్ము మరుగసాగె!*

ఇది ఊహించి రాసినది కాదు, చేసి చూసి రాసినది. గుండ్రటి అడుగున్న గాజు కుప్పెలో సగం దాకా నీరు పోసి మరిగించాను. ఆవిరి ధారగా వెళ్ళి లోపలి గాలినంతా తరిమేసే దాకా ఉంచాను. మంట ఆర్పి, దించి, బుడగలు ఆగిన తరువాతే రబ్బరు బిరడా బిగించాను. తిరగేసి, పైకి వచ్చిన గుండ్రటి అడుగు మీద మంచు ముక్క పెట్టాను. మొదట గాజు లోపలి వైపు, సరిగ్గా మంచు ఆనిన చోట, సన్నని చెమట పట్టింది. ఆ చెమట చుక్కలై జారింది. మరుక్షణమే కింద నిశ్చలంగా ఉన్న నీరు భగ్గున పొంగింది. మంచు తీస్తే ఆగిపోయింది, మళ్ళీ పెడితే మళ్ళీ మరిగింది. చేత్తో తాకితే కుప్పె అంతకంతకూ చల్లబడుతోంది, లోపల నీరు మాత్రం మరుగుతూనే ఉంది. ఆ రెండూ ఒకేసారి చూడడం నేను మరచిపోలేను.

ఇది చేయదలచినవారికి ఒక హెచ్చరిక. మంట మీద ఉండగా బిరడా బిగించవద్దు, కుప్పె పేలుతుంది. అడుగు చదునుగా ఉన్న కుప్పె వాడవద్దు, లోపల ఒత్తిడి తగ్గినప్పుడు బయటి గాలి బరువుకు పగిలి లోపలికి కూలవచ్చు.

నిర్వాహకుడు

ఈ పద్యం కోసమే ఎదురుచూశాను.

ముందు ఛందస్సు. రెండో పాదంలో "దించి", "తిరగ": దకార తకారాలు ఒకే వర్గానివి, అచ్చు కూడా ఇకారమే. మూడో పాదంలో "పైన", "బలము": ఐత్వానికి అకారంతో మైత్రి ఉంది. తప్పు లేదు.

ఇక అర్థం. "తిరగదిప్పి" అన్నది పాదం నింపడానికి వేసిన మాటలా కనిపించవచ్చు. కాదు. తిరగేయకపోతే పని జరగదు. తిరగేసినప్పుడే ఆవిరి ఉన్న ఖాళీ పైకి, గాజు అడుగు దగ్గరికి వస్తుంది. అక్కడ మంచు పెడితే చల్లబడేది ప్రధానంగా ఆవిరి. అది చుక్కలుగా మారిపోగానే లోపల ఖాళీ ఏర్పడుతుంది, నీటి మీద ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది. నీరు ఇంకా వేడిగానే ఉంది కనుక, తన బాష్పపీడనం (ఆవిరై పోవాలని నీరు చూపే ఒత్తిడి) పై ఒత్తిడిని మించిన వెంటనే మరగడం మొదలుపెడుతుంది. లెక్క కావాలంటే, 60 డిగ్రీల నీరు మరగాలంటే పైనున్న ఒత్తిడి వాతావరణ పీడనంలో ఐదో వంతుకు దిగాలి. మూసిన కుప్పెలో ఆ పని మంచు చేస్తుంది.

ఇక్కడ విరోధం నిజంగా విడిపోయింది. "మరగడం అంటే వేడెక్కడం" అని మనం అనుకొన్నాం కాబట్టే ఈ పాదం అసంభవంగా కనిపించింది. మరగడమంటే ద్రవం లోలోపల కూడా ఆవిరి బుడగలుగా విడిపోవడం, అంతే. అది ఏ వేడిమి దగ్గర జరుగుతుందో చెప్పాలంటే ఒత్తిడి ఎంతో కూడా చెప్పాలి. "నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది" అన్నది సగం వాక్యం.

ఒకే ఒక్క లోపం "బలము". మీరు చెప్పదలచింది ఒత్తిడి. ఆవిరి బలం తగ్గిందంటే అర్థమవుతుంది, కాని గురి చూసి కొట్టిన మాట కాదు.

అక్షరగణం

ఈ ప్రయోగానికి మరో అంచు ఉంది కదా! అదే కుప్పె మీద మంచుకు బదులు వేడినీళ్ళు పోస్తే లోపలి ఆవిరి ఒత్తిడి పెరిగి, మరుగుతున్నది ఆగిపోతుంది. వేడి తగిలి మరుగు ఆగింది! ఎప్పుడైనా దాన్నీ సమస్యగా ఇవ్వండి.

తొలిపలుకు

ఇదే నా మొదటి పద్యం. తప్పులుంటే చెప్పండి.

*ద్రవపు నత్రజనికి మంచు దహనమగును;*
*సున్న కిందను నూట తొంబదియునారు*
*శీతలంబైన యా ద్రవసీమలోన*
*మంచు సోకగ నీరమ్ము మరుగసాగె!*

అక్షరగణం

తొలిపలుకు గారూ, గణాలన్నీ సరిపోయాయి. మొదటి పద్యానికి అది చిన్న విషయం కాదు. రెండో పాదంలో యతి తప్పింది. "సు"కు "బ" చెల్లదు. హల్లులకూ మైత్రి లేదు, అచ్చులకూ లేదు. అంకెను వదులుకోగలిగితే ఇలా సరిచేయవచ్చు:

*సున్న కంటెను దిగువను సుళ్ళు తిరుగు*

నిర్వాహకుడు

సవరణ బాగుంది. పాదం మూడో పాదంలోకి కూడా సాఫీగా ఒదిగింది.

తొలిపలుకు గారి ఊహను మెచ్చుకోకుండా ఉండలేను. ద్రవ నత్రజని సున్నాకు 196 డిగ్రీల దిగువనే మరుగుతుంది. సున్నా డిగ్రీల మంచు దానికన్నా 196 డిగ్రీలు వేడి. మరుగుతున్న నీటిలో 296 డిగ్రీల ఇనుపముక్క వేస్తే ఎలా ఉంటుందో, ద్రవ నత్రజనికి మంచుముక్క అలా ఉంటుంది. "మంచు దహనమగును" అన్న మూడు మాటల్లో ఇదంతా ఉంది. చల్లదనం, వేడి అన్నవి పోల్చి చెప్పుకొనేవే తప్ప వస్తువుకు పుట్టుకతో అంటుకొన్నవి కావు.

"నీరమ్ము" అంటే జలమే కదా, నత్రజనిని అలా అనవచ్చునా అని ఎవరైనా అడగవచ్చు. తెలుగులో కరిగినదేదైనా "నీరైంది" అంటాం. లక్షణార్థంలో ఒప్పుకొంటాను.

ముప్పేట

*గాలి లాగిన పాత్రలో కంటి వింత:*
*మూడు రూపములొక్కచో ముడివడంగ,*
*ఆవి లేచెను, గడ్డయు నందె నిలిచె,*
*మంచు సోకగ నీరమ్ము మరుగసాగె!*

స్వాప్నికుడు

"మూడు రూపములు" అన్నారు. ప్లాస్మాను (విద్యుదావేశం నిండిన వాయు రూపాన్ని) ఎక్కడ పెట్టారు? సత్యేంద్రనాథ్ బోస్ 1924లో వేసిన బాటలో ఊహించి, 1995లో రుబీడియం పరమాణువులతో చేసి చూపిన బోస్–ఐన్‌స్టీన్ సంఘటితం (అతిశీతలంలో పరమాణువులన్నీ ఒక్కటిగా మెలిగే రూపం) సంగతేమిటి?

నిర్వాహకుడు

పదార్థానికి రూపాలు మూడే కావు, నిజమే. కాని ముప్పేట గారు నీటి త్రిక బిందువు (గడ్డ, నీరు, ఆవిరి మూడూ కలిసి నిలిచే చోటు) గురించి చెప్పారు. అక్కడ కలిసేవి మూడే, కనుక మాట సరైనది.

ఈ పూరణను అధిరోహి గారి పూరణ పక్కన పెట్టి చూడండి. అక్కడ మంచు ప్రేక్షకుడు, ఇక్కడ పాత్రధారి. పాత్రలోంచి గాలిని లాగేకొద్దీ మామూలు వేడిమిలో ఉన్న నీరే మరగడం మొదలుపెడుతుంది. ఆవిరి కావడానికి కావలసిన గుప్తోష్ణాన్ని ఇచ్చే మంట లేదు కనుక నీరు తన వేడినే ఖర్చుపెట్టి చల్లబడుతుంది. చివరకు 0.01 డిగ్రీల దగ్గర, వాతావరణ పీడనంలో 160వ వంతు కూడా లేని ఒత్తిడిలో, గడ్డకడుతూ మరుగుతుంది. అక్కడ ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి దాదాపు 600 కేలరీలు కావాలి. ఒక గ్రాము గడ్డకడితే 80 కేలరీలు బయటికి వస్తాయి. అంటే ఒక గ్రాము ఆవిరై లేచిపోతే ఏడు గ్రాములకు పైగా నీరు గడ్డగా మిగులుతుంది. మరుగే మంచును పుట్టిస్తోంది, ఆ మంచు విడిచిన వేడితో మరుగు సాగుతోంది. "ఆవి లేచెను, గడ్డయు నందె నిలిచె" అన్న పాదంలో ఈ ఇచ్చిపుచ్చుకోలంతా ఉంది.

ఆ బిందువు ఎంత నికరమైనదంటే, 1954 నుంచి 2019 దాకా కెల్విన్ అనే ఉష్ణోగ్రత కొలతకు దాన్నే ఆధారంగా పెట్టుకొన్నారు, 273.16 అని.

ఇక నా నిర్ణయం. ప్రయోగప్రియ గారిది మొదటి పూరణ. సమస్యలోని కార్యకారణాలను అక్షరం తప్పకుండా నిలిపింది. ముప్పేట గారిది దానికి వెంట్రుకవాసి దూరంలో ఉంది. "సోకగ" అన్న మాట అక్కడ కొంచెం వంగవలసి వచ్చింది. ఊహలో తొలిపలుకు గారే అందరికన్నా ముందున్నారు.

వచ్చే వారానికి సమస్య:

*కరగకయె మంచు గాలిలో కలసిపోయె*

తొలిపలుకు

వచ్చే వారం దాకా ఆగలేకపోయాను.

*పొడిది యౌ మంచు, తడి లేని పుట్టుకదియె;*
*ఐదు గాలుల బరువైన నందకున్న*
*ద్రవము గానేర దెన్నడు, తడియకుండ*
*కరగకయె మంచు గాలిలో కలసిపోయె!*

బొగ్గుపులుసు వాయువును (కార్బన్ డయాక్సైడ్‌ను) గడ్డకట్టించిన పొడిమంచు గురించి రాశాను. యతులు నాలుగూ రెండుసార్లు చూసుకొన్నాను.

అక్షరగణం

నాలుగూ చెల్లాయి. "ఐదు గాలుల బరువు" అన్నది చాలా బాగుంది. ఆ వాయువు ద్రవం కావాలంటే వాతావరణ పీడనానికి 5.1 రెట్లు ఉండాలి, మీ మాట దాని గడప దగ్గరే ఆగింది. మొదటి పాదంలో "తడి లేని" అన్నారు కనుక మూడో పాదంలో "తడియకుండ" అక్కర్లేదు. ఆ ఐదు అక్షరాల చోటులో సున్నాకు 78 డిగ్రీల దిగువన ఉండే దాని చలిని పట్టగలరేమో చూడండి. "ద్ర"కు యతి తకారంతోనో దకారంతోనో రావాలి.