అప్‌డేట్: పెరట్లో చేపల తొట్టి నీళ్లు తేటపడ్డాయండీ
మధురవాడలో మా పెరట్లో చేపల తొట్టి నీళ్లు పెసరపిండి కలిపినట్టు పచ్చగా అయిపోతున్నాయి ఏం చెయ్యాలి అని అడిగా కదా, తప్పు నాదేనండీ. వారం వారం ఫిల్టర్ స్పాంజి కుళాయి కింద పెట్టి పిండేసేవాణ్ణి, ఆ కుళాయి నీళ్లలోని క్లోరిన్‌కి స్పాంజిలో ఉండి చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాని తగ్గించే మంచి బ్యాక్టీరియా చచ్చిపోయి, అమ్మోనియా పెరిగి, పైన ఎండ కూడా తోడై నాచుకి పండగ. ఇప్పుడు తొట్టి నీళ్లే బకెట్‌లోకి తీసి అందులోనే జాడిస్తున్నా. పైన గ్రీన్ నెట్ కట్టా, కలువ దుంపలు వేశా, మేత ఒక్కపూటే (మా అమ్మ మాత్రం దొంగచాటుగా మరమరాలు వేస్తూనే ఉంది). నీళ్లన్నీ ఒకేసారి మార్చెయ్యమన్న సలహా పాటించలేదు, వారానికి పావు వంతే, అదీ క్లోరిన్ పోయేలా కొత్త నీళ్లు డ్రమ్ములో ఒకరోజు నిలవుంచి. మూడు వారాలయ్యాక నిన్న పొద్దున్న చూద్దును కదా, మా బుడ్డోడు ఎప్పుడో పడేసిన రూపాయి బిళ్ల అడుగున కనిపిస్తోంది!