పైడిభీమవరం బస్సెక్కాలా, ఇంకో ఏడాది కోచింగ్‌లో కూర్చోవాలా?

లావేరు పిల్ల:
అందరికీ నమస్కారం. మాది లావేరు మండలం. 2023లో ఎమ్మెస్సీ అనలిటికల్ కెమిస్ట్రీ అయింది. అప్పట్నుంచీ శ్రీకాకుళంలో ఏడురోడ్ల జంక్షన్ దగ్గర హాస్టల్లో ఉండి గ్రూప్-2కి చదువుతున్నాను. 2024 ఫిబ్రవరిలో ప్రిలిమ్స్ రాశాను, పోయింది. హాస్టల్, ఫీజు, పుస్తకాలు అన్నీ నాన్న పంట డబ్బులే.

పోయిన వారం స్నేహితురాలికి తోడుగా పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీ వాకిన్ ఇంటర్వ్యూకి వెళ్లాను. తనకి రాలేదు, నాకు వచ్చింది. ట్రైనీ, ఏడాదికి 2 లక్షల 40 వేలు, రెండేళ్ల బాండు. ఒరిజినల్ సర్టిఫికెట్లు తెచ్చి పది రోజుల్లో చేరమన్నారు. నాన్న వద్దంటున్నారు. "గవర్నమెంటు ఉద్యోగమంటే నీ పేరున పొలం ఉన్నట్టు, కంపెనీ ఉద్యోగమంటే కౌలుకి చేసినట్టు" అని ఆయన మాట. అమ్మ ఏమీ అనదు, రాత్రి షిఫ్టు అన్న మాటకి మాత్రం ఉలిక్కిపడింది. మీరైతే ఏం చేస్తారు?

రిటైర్డు మాస్టారు:
అమ్మా, మీ నాన్నగారి మాటలో అనుభవం ఉంది. ముప్పై ఏళ్లు విజయనగరంలో పాఠాలు చెప్పాను. నా దగ్గర చదివినవాళ్లలో ఫ్యాక్టరీల్లో చేరినవాళ్లు నలభై దాటేసరికి "మాస్టారూ, ఎక్కడైనా చెప్పండి" అని ఫోన్లు చేస్తారు. పంచాయతీ ఆఫీసులో చేరినవాడు మాత్రం ఒక్కడూ అలా ఫోన్ చెయ్యలేదు. రెండేళ్లు పెట్టావు, ఇంకో ఏడాది పెట్టు. 2025 డీఎస్సీలో 16,347 పోస్టులు ఇచ్చారు కదా. ఓపిక పట్టినవాళ్లకే వచ్చాయి.

మూడులాంతర్లు:
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే ఒక మాట. ఆ డీఎస్సీకి ముందుది 2018లో. మధ్యలో 2024 ఫిబ్రవరిలో 6,100తో ఒకటి ఇచ్చి రద్దు చేశారు. అంటే ఏడేళ్లు. పైగా ఈ అమ్మాయికి బీఈడీ లేదు, ఇప్పుడు మొదలుపెడితే అదే రెండేళ్లు. డీఎస్సీ లెక్కే ఇక్కడ పనికిరాదు.

కానిస్టేబుళ్ల సంగతి తీసుకోండి. 2022 నవంబరులో నోటిఫికేషన్, 2023 జనవరి 22న ప్రిలిమ్స్, ఆఖరి ఫలితాలు 2025 ఆగస్టు 1న. మా పిన్ని కొడుకు ఈ మధ్యకాలమంతా ఆర్‌టీసీ కాంప్లెక్స్ ఎదురుగా సెల్ రిపేర్ షాపులో కూర్చొని గ్రౌండ్ ప్రాక్టీసు చేశాడు. వచ్చింది, సంతోషమే. షాపు లేకపోతే వాడు మూడో ఏడాది దాకా నిలబడేవాడు కాదని నా అనుమానం.

నేనూ గవర్నమెంటే. 2019లో గ్రామ, వార్డు సచివాలయాల ఉద్యోగంలో చేరాను. ప్రొబేషన్ రెండేళ్లన్నారు, 2022 దాకా 15 వేలే. 2019లోనే ఫార్మాలో చేరిన నా బెంచీమేటు జీతం ఇప్పుడు నాకన్నా ఎక్కువ. నా నిద్ర వాడికన్నా ఎక్కువ. రెండూ రాసిపెట్టుకో చెల్లీ.

ఉద్దానపోడు:
ఓలమ్మ, ఇదేటి సర్చ! ఉజ్జోగం ఇంటి ముందరికి బస్సెట్టుకొచ్చి ఎక్కవే అంతంటే ఆలోసనేటి తల్లీ? మా ఊర్ల మగోళ్లని లెక్కెట్టు. సగం మంది గల్ఫు, పావు మంది హైదరాబాదు అపార్టుమెంటు పన్లు, మిగిలినోళ్లు వేటకెళ్లి గుజరాతు. నాను పైపు ఫిట్టరుగా మస్కట్ ఎల్లినాను. ఏజెంటుకి లచ్చా ఇరవై వేలు కట్టినాను. రూలు పెకారం 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతేనంట. అది తెలిసీసరికి మూడేళ్లయిపోనాది. మా గుంటకి పేటకాడ రెండు గంటల బస్సు దూరంల ఉజ్జోగమొస్తే దేముడికి కొబ్బరికాయ కొడతాను. నువ్వేటి కోసింగంతావు?

గెడ్డ ఒడ్డు:
అన్నా, బస్సు గుమ్మం ముందుకి రావడం ఒక్కటే చూస్తున్నారు. 2024 ఆగస్టు 21 మర్చిపోయారా? అచ్యుతాపురం సెజ్‌లో ఒక మందుల ఫ్యాక్టరీలో సాల్వెంట్, అంటే మండే ద్రావకం, లీకై పేలితే 17 మంది పోయారు. మధ్యాహ్నం భోజనాల వేళ అది. వాళ్లలో ట్రైనీలూ ఉన్నారు, నిన్న మొన్న ఇంజినీరింగ్ అయినవాళ్లూ ఉన్నారు. మా ఊరు ఆ ఫ్యాక్టరీల కిందే. గాలి ఎటు తిరిగిందో ముక్కే చెప్తుంది మాకు. చేరొద్దని అనను, మా ఇంట్లోనే ఇద్దరు అక్కడ పనిచేస్తున్నారు. పొలంతో పోల్చినప్పుడు పొలంలో పాము కూడా ఉంటుందని చెప్పాలి కదా.

కాలమ్ కడిగేదాన్ని:
తొమ్మిదేళ్లుగా మందుల కంపెనీల క్యూసీలో, అంటే క్వాలిటీ కంట్రోల్‌లో ఉన్నాను. మూడు కంపెనీలు, రణస్థలం నుంచి పరవాడ, మళ్లీ ఇటు. అందరూ ఉద్యోగం మంచిదా చెడ్డదా అంటున్నారు గానీ అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. చెల్లీ, ఆఫర్ లెటర్లో ఏ డిపార్ట్‌మెంట్ అని రాశారు?

ఎందుకంటే మందుల కంపెనీ అంటే ఒక ఉద్యోగం కాదు. ప్రొడక్షన్‌లో పడితే రియాక్టర్ల దగ్గర, మూడు షిఫ్టులు, సాల్వెంట్ వాసన, గెడ్డ ఒడ్డు చెప్పిన భయం. అక్కడా పైకొచ్చినవాళ్లు ఉన్నారు, కానీ నీ అనలిటికల్ చదువు మూలన పడుతుంది. క్యూఏ, అంటే క్వాలిటీ అస్యూరెన్స్, కాగితాల పని: పద్ధతి తప్పినప్పుడు రాసే డీవియేషన్లు, బ్యాచ్ రికార్డులు. క్యూసీ అంటే పరీక్షలు. క్యూసీలో కూడా తడి పని ఒకటి ఉంటుంది, టైట్రేషన్లు, తేమ చూడ్డం, గ్లాస్‌వేర్. పరికరాల పని ఇంకొకటి, మందులో ఏది ఎంత ఉందో విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ, జీసీ యంత్రాల మీద. నీకు మార్కెట్ ఉండేది ఈ చివరి దాంట్లో. హెచ్‌పీఎల్‌సీ మీద చేతులాడే మనిషికి ఇక్కడ బాగోకపోతే పరవాడ ఉంది, అచ్యుతాపురం ఉంది, జడ్చర్ల, పాశమైలారం ఉన్నాయి. ప్రొడక్షన్ ట్రైనీగా రెండేళ్లు చేసి తర్వాత క్యూసీకి మారతానంటే ఎవరూ మార్చరు.

ఇంకొకటి. వాకిన్ ప్రకటనలు జాగ్రత్తగా చదువు. పాసవుట్ సంవత్సరాలు వేస్తారు. ఒకటి, రెండు, మహా అయితే మూడేళ్ల వెనక్కి. నీది 2023. ఇంకో ఏడాది పోతే నువ్వు ఫ్రెషర్‌వీ కాదు, అనుభవం ఉన్నదానివీ కాదు. అదే గ్రూప్-2కి ఆ నోటిఫికేషన్లో వయసు 42 దాకా ఇచ్చారు. ఏ తలుపు ముందు మూసుకుంటుందో చూసుకో.

రిటైర్డు మాస్టారు:
ఇది నాకు తోచలేదు, ఒప్పుకుంటాను. కానీ అమ్మా, షిఫ్టులు చేస్తూ గ్రూప్-2 చదవగలదా? నిజం చెప్పండి.

కాలమ్ కడిగేదాన్ని:
చదవలేదు మాస్టారూ. రాత్రి షిఫ్టు చేసొచ్చి పాలిటీ పుస్తకం తెరిచినవాళ్లని నేను ఇద్దరినే చూశాను, ఇద్దరూ మూడో నెలకి మూసేశారు. "చేస్తూ చదువుకుంటాను" అని తనకి తాను చెప్పుకోవద్దనే నేనూ అంటాను.

రిటైర్డు మాస్టారు:
అయితే నాది ఒక సవరణ. చరిత్ర, పాలిటీ వదిలేసి కెమిస్ట్రీ అడిగే పరీక్షలు పట్టుకోనివ్వండి. జూనియర్ లెక్చరర్‌కి బీఈడీ అక్కర్లేదు, పీజీ చాలు. ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్‌కి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ వాళ్లు అర్హులే, ఈ సంగతి మన పిల్లల్లో చాలామందికి తెలియదు. సీఎస్‌ఐఆర్ నెట్ ఉంది, జేఆర్‌ఎఫ్ వస్తే నెలకి 37 వేలు ఇస్తూ పీహెచ్‌డీ చేయిస్తారు. పగలంతా కెమిస్ట్రీతోనే ఉంటుంది కాబట్టి చదువు తుప్పు పట్టదు. మీ నాన్నగారికి ఇలా చెప్పి చూడమ్మా. సర్కారు ఉద్యోగం మానేసినట్టు కాదు, దారి మార్చినట్టు.

మూడులాంతర్లు:
జీతం లెక్క కూడా చెప్పేస్తాను, తర్వాత మోసపోయానని అనుకోకూడదు. 2 లక్షల 40 వేలని 12తో భాగించి 20 వేలు చేతికొస్తుందనుకోకు. కంపెనీ కట్టే పీఎఫ్ వాటా అందులోనే, బోనస్ అందులోనే. నీ వైపు నుంచి పీఎఫ్ 12 శాతం, ఈఎస్‌ఐ 0.75 శాతం పోతాయి. క్యాంటీన్, బస్సు కోతలుంటే అవి వేరు. పదహారు, పదిహేడు వేలు అనుకో. పీఎఫ్ పోయిన డబ్బు కాదు. కంపెనీ మారినప్పుడల్లా కొత్త యూఏఎన్ (పీఎఫ్ నంబరు) తెరవనివ్వకు, పాతదే ఇవ్వు, పదేళ్ల సర్వీసు నిండితే పెన్షన్‌కి అర్హత. మాకూ 2004 సెప్టెంబరు తర్వాత చేరినవాళ్లకి పాత పెన్షన్ లేదు, జీతంలోంచి కోసి జమచేసే సీపీఎస్సే. గవర్నమెంటంటే పెన్షన్ అని మీ నాన్నగారు అనుకుంటుంటే ఈ ముక్క చెప్పు.

ఒరిజినల్స్ మాత్రం వాళ్ల దగ్గర పెట్టకు. చూపించు, జిరాక్సు ఇవ్వు, తెచ్చుకో.

లావేరు పిల్ల:
అప్పా (మా వైపు అక్కని ఇలాగే అంటాం), లెటర్ తీసి చూశాను. "ట్రైనీ" అని మాత్రమే ఉంది. డిపార్ట్‌మెంట్ లేదు! ఇంటర్వ్యూలో అడిగినవన్నీ హెచ్‌పీఎల్‌సీ ప్రశ్నలే కాబట్టి క్యూసీ అనుకున్నాను. బాండులో రెండేళ్లలోపు మానేస్తే 50 వేలు కట్టాలని ఉంది.

కాలమ్ కడిగేదాన్ని:
చూశావా. రేపే హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టు. ఫోన్‌లో కాదు, మెయిల్‌లోనే. రెండు వాక్యాలు చాలు: ఏ డిపార్ట్‌మెంట్, ఒరిజినల్స్ చూసి వెనక్కి ఇస్తారా. జవాబు మెయిల్‌లోనే రావాలి. రాత్రి షిఫ్టు సంగతి కూడా అడుగు. ఆడవాళ్లకి వేస్తారా, వేస్తే బస్సు ఇంటి దాకా దింపుతుందా, జంక్షన్ దాకానా. అడిగితే ఉద్యోగం పోతుందని భయపడకు. పోతే అది నీకు ముందే తెలియాల్సిన సంగతి.

చేరితే మొదటి ఆర్నెల్లు ఎలా ఉంటుందో కూడా చెప్పేస్తాను. గ్లాస్‌వేర్ కడిగిస్తారు, హెచ్‌పీఎల్‌సీలో పోసే ద్రవం, మొబైల్ ఫేజ్ అంటారు, అది కలిపిస్తారు, శాంపిళ్లు మోయిస్తారు. ఎమ్మెస్సీ చేసి సీసాలు కడగడమేంటని ఏడ్చేవాళ్లు ఉంటారు. ఆ టైములోనే హెచ్‌పీఎల్‌సీ మీద కూర్చునే సీనియర్ పక్కన నిలబడు. గ్రాఫులో పీక్‌కి తోక ఎందుకొచ్చింది, సిస్టమ్ సూటబిలిటీ (యంత్రం పరీక్షకి సరిగ్గా ఉందో లేదో చూడ్డం) ఎందుకు ఫెయిలైంది, శాంపిల్‌ని విడదీసే గొట్టం, అంటే కాలమ్, ఎప్పుడు మార్చాలి, ఇవి అడుగు. మూడేళ్ల తర్వాత ఏ ఇంటర్వ్యూకి వెళ్లినా అడిగేది ఇవే, డిగ్రీ మార్కులు ఎవడూ అడగడు.

లాగ్‌బుక్ పని చేస్తున్నప్పుడే రాయి. సాయంత్రం అన్నీ కలిపి రాసే అలవాటు చేసుకున్నవాళ్లు ఏదో ఒక ఆడిట్‌లో దొరికిపోతారు. అమెరికా ఎఫ్‌డీఏ వాళ్లు వచ్చి తప్పులు రాసిచ్చే కాగితాన్ని 483 అంటారు, దాంట్లో సగం మాటలు ఈ రాతల గురించే. రిజల్టు హద్దు దాటితే, దాన్ని ఓఓఎస్ అంటాం, మొదట పై వాళ్లకి చెప్పు. పాసయ్యేదాకా శాంపిల్‌ని యంత్రంలోకి మళ్లీ మళ్లీ ఇంజెక్ట్ చెయ్యమని ఎవరైనా అంటే చెయ్యకు. సాఫ్ట్‌వేర్‌లో ప్రతి ఇంజెక్షనూ టైముతో సహా పడుతుంది, కింద పేరు నీది ఉంటుంది, చెప్పినవాడిది కాదు. నువ్వు చెయ్యని పనికి సంతకం అసలే పెట్టకు.

గెడ్డ ఒడ్డు:
ఇంకొకటి కలపండి అక్కా. చేరిన రోజే ఎమర్జెన్సీ గేటు ఎక్కడుందో నడిచి చూసుకోవాలి, బోర్డు మీద బాణం చూస్తే సరిపోదు. చాలా చోట్ల ఆ తలుపు ముందు డ్రమ్ములు పెడతారు.

కాలమ్ కడిగేదాన్ని:
నిజమే. సాల్వెంట్ సీసాల డేటా షీట్లు, అంటే ప్రమాదాలు, జాగ్రత్తలు రాసిన కాగితాలు కూడా చదవాలి. నేను చదివింది రెండో ఏడాదిలో, ఒకసారి కళ్లు మండాక.

ఉద్దానపోడు:
మరి పెళ్లి సంగతేటి? మా కాడైతే "అబ్బాయి గవర్నమెంటేనా" అంతారు గానీ అమ్మాయి ఫార్మా అంతే ఎవులూ ఏటీ అనరు. ఇంకా జీతమొస్తాదని ఎగబడతన్నారు.

రిటైర్డు మాస్టారు:
అది వేరే చర్చ బాబూ, ఇక్కడ మొదలుపెడితే తెల్లారుతుంది.

లావేరు పిల్ల:
నాలుగు రోజుల తర్వాత వచ్చాను, క్షమించండి. మెయిల్ పెట్టాను. రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు ఫోన్ చేసి "మీరు అడిగినంత మంది అడగరమ్మా" అన్నారు. మెయిల్‌లోనే కావాలండీ అన్నాను, గొంతు వణికింది. సాయంత్రానికి వచ్చింది. క్వాలిటీ కంట్రోల్ అని రాశారు. ఒరిజినల్స్ చూసి అదే రోజు ఇచ్చేస్తారట. రాత్రి షిఫ్టు గురించి "అవసరాన్ని బట్టి" అని మాత్రం రాశారు. అది తేలలేదు.

నాన్నకి మాస్టారి మాట, మూడులాంతర్లు అన్న పెన్షన్ మాట రెండూ చెప్పాను. పెన్షన్ దగ్గర ఆగిపోయారు. "నిజమేనా?" అని మా ఊరి వీఆర్వోని అడిగి వచ్చారు. ఇంకా ఒప్పుకోలేదు, కానీ నిన్న నాతో బస్సు ఎక్కడ ఆగుతుందో చూడ్డానికి బండి మీద జంక్షన్ దాకా వచ్చారు. అక్కడ కంపెనీ బస్సు కోసం నిల్చున్న ఒకావిడని పట్టుకుని రాత్రి ఎన్నింటికి దింపుతారని ఆయనే అడిగారు. పదీ నలభైకట. "అయితే టార్చిలైటు కొనాలి" అన్నారు.

సోమవారం చేరుతున్నాను. మాస్టారూ, ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ సిలబస్ మీ దగ్గరుంటే పెట్టండి. అప్పా, మొదటి రోజు చెప్పులా బూట్లా?

కాలమ్ కడిగేదాన్ని:
బూట్లు వాళ్లే ఇస్తారు. సాక్సులు రెండు జతలు పట్టుకెళ్లు.